బోర్డులు చదివే మనిషి

"తాళం ఇవ్వు నాన్నా."

"ఇవ్వను."

"అయితే నేనూ ఇక్కణ్ణించి కదలను."

కూతురు వచ్చి అరగంటైంది. ఇంకా భుజాన సంచీ దించలేదు. మొదటి బస్సుకు పరుగెత్తుకొచ్చిన పిల్లకు మంచినీళ్ళ గ్లాసైనా ఎవరూ అందించలేదు. అందించే తీరిక ఆ ఇంట్లో ఎవరికుంది గనక! నిన్న సాయంత్రం దాకా గేటు స్తంభంగా ఉండి, ఇప్పుడు ఇటుకల కుప్పగా మారినదాని ముందు మేనత్త చతికిలబడి, పనికొచ్చే ఇటుక ఇటు, పనికిరానిది అటు వేస్తోంది. పనికిరానివాటిని మాత్రం కాస్త గట్టిగా వేస్తోంది.

ఇటుక పడ్డప్పుడల్లా డ్రైవరుగారు ఉలిక్కిపడుతున్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపిన మనిషి ఆయన. ఉద్యోగం దిగిపోయినా ఆ పిలుపు దిగిపోలేదు. పాత మినీబస్సొకటి కొని, సీట్లు పీకించి, రెండు మంచాలూ ఒక పొయ్యీ పెట్టించి క్యారవాన్‌గా మార్చాడు. ఇంటిని ఏడాదిపాటు తెలిసినవాళ్ళకు అప్పజెప్పి, భార్య టైలరమ్మను ఎక్కించుకుని, చుట్టాలున్న ఊళ్ళన్నీ తిరగడానికి బయల్దేరాడు. ఇది రెండో నెల. ఇప్పటికి చూసినవి నాలుగిళ్ళు. అయిదో ఇల్లు సొంత అక్కది. ఆ ఇంటి స్తంభాన్నే పడగొట్టాడు.

"నాన్నను అనకు. తప్పు నాది" అంది టైలరమ్మ, తండ్రీకూతుళ్ళ మధ్యకు వస్తూ. "వెనక నిలబడి రండి రండి అన్నది నేనే."

"నువ్వు రమ్మన్నావు సరే" అంది ఆవిడ వదిన, ఇటుకల మధ్య నుంచి తల ఎత్తకుండానే. "వాడికి కళ్ళు లేవా?"

కోపంలో ఎవరైనా అనే మాటే అది. కానీ అది వినగానే టైలరమ్మ కొంగున లేని దుమ్ము దులుపుకుంది. డ్రైవరుగారు ఆకాశం వంక చూశాడు. కూతురు మాత్రం తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది.

"బ్రేకు పట్టలేదు" అన్నాడాయన చివరికి.

"ముప్ఫై నాలుగేళ్ళు పట్టిన బ్రేకు సరిగ్గా మా వాకిట్లోకి వచ్చాకే పట్టలేదురా?" అంది వదిన. "ఫోన్ చేసి అమ్మాయిని పిలిపించింది నేనే. నామీద అలిగితే అలుగు. ఇవాళ స్తంభం, రేపు మనిషి. మీ బావ చేత్తో కట్టిన స్తంభం కాబట్టి ఇంతమాత్రం తట్టుకుంది, లేకపోతే బండి వచ్చి నా వంటింట్లో ఆగేది."

"బండి ఇక్కడే ఉంటుంది" అంది కూతురు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్ల. ఏ మాటైనా రిపోర్టు చదివినట్టే చెబుతుంది. "మనం ముగ్గురం మధ్యాహ్నం బస్సుకు మా ఇంటికి వెళ్తున్నాం. వెనక గది సున్నం వేయించి పెట్టాను. గాలీ వెలుతురూ బాగానే ఉంటాయి. కిటికీ కూడా ఉంది."

"కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?" అడిగింది టైలరమ్మ.

కూతురు తడబడింది. "పక్కింటి గోడ."

టైలరమ్మ గబగబా బండెక్కింది. మంచం కింది నుంచి గుండీల డబ్బా తీసి, గుండీలన్నీ దుప్పటి మీద బోర్లించి, అడుగున ఉన్న కార్డొకటి తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

కూతురు చదివింది. మళ్ళీ చదివింది. "పెద్ద బండి లైసెన్సు! నీ పేరు మీద!"

"మూడు నెలల కిందటే వచ్చింది."

డ్రైవరుగారు మెల్లగా భార్య వైపు తిరిగాడు. "పెళ్ళివారి బట్టలకు కొలతలు తీసుకోవాలని రోజూ పొద్దున్నే వెళ్ళేదానివి."

"డ్రైవింగు స్కూలుకు వెళ్ళేదాన్ని."

"నాకు చెప్పకుండా."

"మీరు నాకు చెప్పకుండా ఉన్నదేదో ఉంది కదా" అంది టైలరమ్మ, ఆయనొక్కడికే వినిపించేలా. "అందుకని."

ఆయన తల తిప్పుకున్నాడు. జేబులోంచి తాళం తీశాడు. భార్య చేతికివ్వలేదు, కూతురికీ ఇవ్వలేదు. అరుగు మీద పెట్టి, చేత్తో తలుపు తడుముకుని బండెక్కి, వెనక మంచం మీద కూర్చుని తెర లాగేసుకున్నాడు. ఆ తెర టైలరమ్మ కుట్టిందే.

కూతురు చెయ్యి చాచేలోపు తాళం టైలరమ్మ అందుకుంది.

"మావయ్య ఇంటిదాకా నేను నడుపుతాను. నువ్వు పక్కన కూర్చో. నా నడపడం నీకు నచ్చకపోతే, అప్పుడు నీ గోడా నీ కిటికీ చూద్దాం."

డ్రైవరు సీటు వెనక దిండు ముందే ఉంది. రెండు నెలల కిందట, మీ నడుముకు బావుంటుందంటూ ఆయన కోసమే కుట్టినట్టు కుట్టింది. నిజానికి అది ఆవిడ ఎత్తుకు, ఆవిడ వీపుకు కుట్టుకున్నది. అద్దాలు సరిచేసుకుంది. రివర్సు గేరు వేసింది. మిగిలిన ఒక్క స్తంభానికీ బండికీ మధ్య జానెడు సందు వదిలి, తిన్నగా రోడ్డు మీదికి తీసింది.

వదిన చేతిలో ఇటుక చేతిలోనే ఉండిపోయింది. "ఓసి రేడియో!" అంది. తిట్టో మెచ్చుకోలో ఆవిడకే తెలియాలి.

*

రేడియో అన్న పేరు ఈ రెండు నెలల్లో వచ్చిందే. బండెక్కింది మొదలు టైలరమ్మ దారి పొడుగునా కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదువుతుంది. మలుపు, వంతెన, బడి, టైర్లషాపు, ఇల్లు అద్దెకు ఇవ్వబడును, ఏదీ వదలదు. మొదటి ఇంటి నుంచి బండిలో కాస్త దూరం వచ్చిన మరిది చెవులు మూసుకుని దిగి ఆ పేరు పెట్టాడు. బండి చేరేలోపే పేరు ఫోన్లో తర్వాతి ఇంటికి చేరేది. నలభై ఏళ్ళు మిషను ముందు నోరెత్తకుండా కూర్చున్న మనిషికి ఇప్పుడు మాటలు పుట్టుకొచ్చాయని అంతా నవ్వుకునేవాళ్ళు. టైలరమ్మ కూడా నవ్వేది.

ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. కూతురు డాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. రెండు మైళ్ళు గడిచాక ఒక చెయ్యి వదిలింది. నాలుగు మైళ్ళకు రెండోదీ వదిలింది. తల్లి గేరు మారుస్తున్న తీరు, ఎదురుగా లారీ వస్తే ముందే జరిగి దారివ్వడం, అన్నీ గమనిస్తూనే ఉంది.

"ముందు ఎడమకు మలుపు" అంది టైలరమ్మ. "ఆ తర్వాత ఇరుకు వంతెన. నిదానం. పశువులు దాటు చోటు."

"అమ్మా."

"ఊఁ."

"బండి నడుపుతున్నది నువ్వు. ఎవరికి చదువుతున్నావు?"

టైలరమ్మ నోరు టక్కున మూతపడింది.

ఇరుకు వంతెన వచ్చింది, వెళ్ళింది. వెనక తెర కదల్లేదు. కూతురు వెనక్కి తిరిగి తెర వైపు చూసింది, మళ్ళీ తల్లి వైపు చూసింది. ఆ పిల్ల ముఖంలో రంగు దిగిపోవడం టైలరమ్మ చూడకుండానే తెలుసుకుంది.

"ఎప్పటి నుంచి?" కూతురి గొంతు చిన్నదైపోయింది.

"నెమ్మదిగా మాట్లాడు."

"ఎప్పటి నుంచి అమ్మా?"

దాచడానికి ఇంకేం మిగిలింది? టైలరమ్మ రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"నాకు సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేది మీ నాన్నే కదా. డ్యూటీకి వెళ్ళేముందు రోజూ పది సూదులు. ఆరు నెలల కిందట ఒకరోజు చూస్తే, దారం సూది బెజ్జంలోకి వెళ్ళలేదు. పక్కనుంచి చుట్టి ముడేసి ఉంది. పదికి పదీ అంతే. ఆ సాయంత్రం నేనే ఎక్కించుకున్నాను. ఆయన్నేం అడగలేదు. చూపు అంచుల్లో బాగానే ఉందనుకుంటా. ఎదురుగా, సరిగ్గా మధ్యలోనే మసక."

"డాక్టరు?"

"ఆ మాటెత్తితే అన్నం మానేస్తారు. ఈ ప్రయాణం పెట్టుకున్నప్పుడే అనుకున్నాను, లైసెన్సు తెచ్చుకోవాలని. తెచ్చుకున్నాను. చూపించే ధైర్యం రాలేదు. బోర్డులు చదివితే సరిపోతుందనుకున్నాను."

"సరిపోయిందా?"

టైలరమ్మ గేరు మార్చింది. "పోయిన నెల ఒక ఊరి చివర బండి ఆపారు. తలుపు తీసి, త్వరగా ఎక్కండమ్మా, ఆలస్యమవుతోంది అన్నారు. అలవాటు కదా, రోడ్డు పక్కన మనుషులు నిలబడితే ఆపకుండా ఉండలేరు. అక్కడ మనుషుల్లేరు. మూడు పాలక్యాన్లున్నాయి."

కూతురు నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైంది.

"తమాషాకి అన్నానన్నారు. నేనూ నవ్వాను."

"నవ్వావా! క్యాన్లు కాబట్టి నవ్వావు. అదే ఎవరైనా చంటిపిల్లాడు రోడ్డు దాటుతుంటే? నువ్వు ఒక్క క్షణం బోర్డు చదవడం మరిచిపోతే? తెలిసీ ఆయన్ని సీట్లో కూర్చోబెట్టావు. అది ప్రేమ కాదమ్మా, నేరం."

టైలరమ్మకు కళ్ళు మండాయి. కానీ బండి నడిపేటప్పుడు కన్నీళ్ళు పెట్టుకోకూడదని డ్రైవింగు స్కూల్లో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఆవిడకు తెలుసు. రెప్పలార్చి, స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

"అవును" అంది. "నేరమే. అందుకే ఇవాళ్టి నుంచి ఆ సీటు నాది."

*

పదకొండు గంటలకు దారిలోని చిన్న ఊళ్ళో, ప్రయాణీకులు బళ్ళు నిలుపుకునే మైదానంలో ఆగారు. ఒక కొళాయి, నాలుగు చెట్లు, బట్టలు ఆరేసుకోడానికి కట్టిన తీగ. మూలన ఇంకెవరిదో గుడారం. అంతకు మించి ఏమీ లేదు. టైలరమ్మకు ఇలాంటి చోట్లంటే ప్రాణం.

మడత కుర్చీలు వేసింది. గ్లాసులో నీళ్ళు పోసి బండి లోపల నేల మీద పెట్టింది. నీళ్ళు ఎటు ఒరిగితే అటువైపు చక్రం కింద చెక్క పెట్టాలి, లేకపోతే పొయ్యి మీద గిన్నె జారుతుంది. ఆ పని ఎప్పుడూ డ్రైవరుగారిది. ఇవాళ టైలరమ్మే వంగి చెక్క దూర్చింది. సరిగా కూర్చోలేదు. మళ్ళీ దూర్చింది. ఊహూఁ.

కూతురు ఇదంతా చూస్తూ నిలబడింది. "ఎందుకమ్మా నీకింత పాకులాట? హాయిగా ఇంట్లో కూర్చోక!"

"కూర్చునే కదా నలభై ఏళ్ళు గడిపాను" అంది టైలరమ్మ. నడుం నిటారుగా చేసి, చేతుల మట్టి దులుపుకుంది. "నా మిషను ఎక్కడుండేదో గుర్తుందా?"

"ముందు గదిలో."

"ముందు గదిలో గోడకు. దీపం వెలుతురు అక్కడే బాగా పడుతుందని అటు తిప్పి పెట్టాం. ఆ గోడ మీద సున్నం ఎక్కడ పెచ్చులూడిందో, చీమల బారు ఏ వేళకు వెళ్తుందో నన్నడుగు, చెబుతాను. మీ నాన్న రోజూ వచ్చి చెప్పేవారు, ఇవాళ ఫలానా ఊళ్ళో వాన, ఫలానా చోట కొత్త వంతెన అని. విని ఊఁ కొట్టి, చొక్కా చేతులు కుట్టేదాన్ని. ఎన్నేళ్ళు విన్నాను! ఇప్పుడు చూస్తున్నానే, మొదటిసారి. ఇంకా పదకొండిళ్ళున్నాయి. నీ గదిలో కూర్చుంటే మళ్ళీ గోడే. నేను ఆ గోడ ముందు కూర్చోను. చెబుతున్నాను విను, కూర్చోను."

అమ్మ ఇంతసేపు తన గురించి మాట్లాడగా కూతురు ఎప్పుడూ వినలేదు. కొంగుల మీదా కాలర్ల మీదా ఎన్నైనా మాట్లాడుతుంది గాని.

"నిజంగానే బాగా నడిపావు" అంది. "నాకంటే బాగా నడిపావు."

అంతలో బండి వెనక అలికిడైంది. డ్రైవరుగారు దిగాడు. ఇద్దరితోనూ మాట్లాడలేదు. చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, టైరునూ నేలనూ వేళ్ళతో తడిమి, చెక్కను పక్కకు లాగి, తిరగేసి, ఒక్క గుద్దు గుద్దాడు. లోపల గ్లాసులో నీళ్ళు నిలకడగా నిలిచాయి.

టైలరమ్మ టీ గ్లాసు ఆయన చేతికందించింది. ఆయన తీసుకున్నాడు. గట్టెక్కామనుకుంది ఆవిడ. టీ అయ్యేదాకా ఆ నమ్మకంతోనే ఉంది.

*

బేకరీ తమ్ముడు టైలరమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ముందు బేకరీ, వెనక ఇల్లు. పొయ్యి వేడి ఇంట్లోకీ, ఇంట్లో మాటలు బేకరీలోకీ ధారాళంగా వస్తూ పోతుంటాయి. మోచేతుల దాకా పిండితో ఎదురొచ్చి, అక్కను వదిలేసి బావను కావలించుకున్నాడు.

చిన్నప్పుడు బడి సెలవులొస్తే చాలు, బావ బస్సులో ముందు సీట్లో కూర్చుని రోజంతా తిరిగేవాడు. ఊళ్ళో ఎవరు ఎంతటి వాళ్ళైనా, ఇప్పటికీ అతని దృష్టిలో బావను మించిన మొనగాడు లేడు.

"ఇదేంటి బావా, అక్క నడుపుకొస్తోంది! నువ్వు వెనక దొరలా కూర్చున్నావా?"

"నడుం పట్టేసింది" అన్నాడు డ్రైవరుగారు.

కూతురు తల్లి వైపు చూసింది. టైలరమ్మ చూపు దించుకుంది. పోనీ, ఒక పూటకి ఒక అబద్ధం, మనిషి పరువు నిలబడుతుందంటే నిలబడనీ అనుకుంది.

కానీ తమ్ముడు ఊరుకునే రకమా! వేణ్ణీళ్ళ సంచీ తెచ్చాడు. నూనె సీసా తెచ్చాడు. బావ చొక్కా పైకెత్తి, వద్దంటున్నా వినకుండా నడుం మర్దనా చేశాడు. భోజనాల దగ్గర కుర్చీలో రెండు దిళ్ళు వేసి కూర్చోబెట్టాడు. మరదలు పుట్టింటికి వెళ్ళిందట, కాబట్టి వంటా వడ్డనా అన్నీ అతనే. వడ్డిస్తూనే మాట్లాడాడు.

"ఇవాళొక్క పూట పడుకో బావా. రేపటికి సర్దుకుంటుంది. కొండ మీది ఊళ్ళో రేపు సంత. బేకరీ మూసేసి నేనూ వస్తాను. నువ్వు నడపాలి, నేను నీ పక్కన కూర్చోవాలి. ముప్ఫై ఏళ్ళైంది అలా కూర్చుని! ఘాట్లో ఆ మలుపులు నువ్వు తిప్పుతుంటే చూడాలి. ఏం? నడుపుతావా?"

డ్రైవరుగారి ముఖం వెలిగింది. వెలగడం టైలరమ్మ చూసింది. ఆ వెలుగే ఆవిణ్ణి భయపెట్టింది.

"ఎందుకు నడపను? రేపు నేనే నడుపుతాను" అన్నాడాయన.

"నడుం కాదురా" అంది టైలరమ్మ.

చేతిలో గరిటెతోనే తమ్ముడు అటు తిరిగాడు.

"నడుం కాదు. కళ్ళు. మీ బావకు కళ్ళు సరిగా కనబడ్డం లేదు. రేపు నడపరు. ఎల్లుండీ నడపరు."

చెప్పేసింది. ఇన్ని నెలలు కడుపులో పెట్టుకున్నది రెండు ముక్కల్లో అయిపోయింది. తేలికపడతాననుకుంది గాని, పడలేదు.

డ్రైవరుగారు తింటున్న ముద్ద కంచంలో వదిలేశాడు.

"చెప్పు" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "మిగతాది కూడా చెప్పు. దారి పొడుగునా చదివిందెవరో చెప్పు. మొదటి మలుపులోనే నువ్వు నోరు మూసుకుని ఉంటే, భయమేసి ఆ రోజే ఆపేసి ఉండేవాణ్ణి. నువ్వు చదివావు. నువ్వు చదవబట్టి నడిపాను. అంతా చేసి, ఇప్పుడు నా బామ్మర్ది ముందు నన్ను గుడ్డివాణ్ణి చేశావు."

"అవును, చదివాను" అంది టైలరమ్మ. "ఇక చదవను."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. గోడ పట్టుకుని బేకరీ లోంచి బయటికి వెళ్ళాడు. ఎవరూ వెంట వెళ్ళలేదు. తమ్ముడు గరిటె పట్టుకుని చిన్నపిల్లాడిలా బిత్తరపోయి నిలబడ్డాడు.

"కాసేపు గాలి పీల్చుకోనీ" అంది కూతురు.

గాలి పీల్చుకోడానికి ఇంజను స్టార్టు చెయ్యనక్కర్లేదు కదా! ఆ చప్పుడు వినగానే ముగ్గురికీ అర్థమైంది. టైలరమ్మ తన సంచీ తడుముకుంది. తాళం సంచీలోనే ఉంది. కానీ ముప్ఫై నాలుగేళ్ళ డ్రైవరు జేబులో రెండో తాళం ఉండకుండా ఉంటుందా?

పెరటి తలుపు లోంచి పరుగెత్తింది. ఆ తలుపు తీస్తే సందు. సందు చివర బండి, ముఖం ఇటే పెట్టుకుని ఉంది. డ్రైవరు సీట్లో ఆయన. ఆ సందులోంచి తిన్నగా వస్తే ఎదురుగా బడి. ఇంకాసేపట్లో మధ్యాహ్నం భోజనాలకి బడి వదిలే వేళ.

ఏమండీ అని పిలవబోయింది. నోటిదాకా వచ్చిన పిలుపును అక్కడే ఆపేసింది.

పిలిస్తే ఆగుతారు. గొంతు పోల్చుకుని, ఏదో ఒకటి అని, ఇద్దరూ మళ్ళీ రాజీ పడతారు. రెండు నెలలుగా జరుగుతున్నది అదే. ఆవిడ పెదవులు బిగబట్టి, సందు మధ్యకు వెళ్ళి, ఎండలో నిలబడింది. బండికీ ఆవిడకీ మధ్య ఇరవై అడుగులుంటాయేమో. ముఖం మీద ఎండ తిన్నగా పడుతోంది. మధ్యలో ఏ అడ్డూ లేదు.

చిన్నగా హారన్ మోగింది. ఆవిడ కదల్లేదు.

డ్రైవరుగారు కిటికీ లోంచి తల బయటికి పెట్టాడు. ఆవిడ వైపే చూశాడు.

"అమ్మా, కాస్త పక్కకి జరుగుతారా? బండి తియ్యాలి."

బస్సెక్కేవాళ్ళతో మాట్లాడే గొంతు అది. మెత్తగా, మర్యాదగా. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడతో జరుగుతారా అనలేదు. జరగవే అన్నాడు, జరుగు అన్నాడు, జరుగుతారా అని మాత్రం ఎన్నడూ అనలేదు. 

ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో అడుగు.

"ఎవరికోసమమ్మా? బేకరీవాళ్ళకోసమా? లోపలున్నారు, వెళ్ళి అడగండి."

ఇంకో అడుగు. ఇంకొకటి. ఆయన చూపు ఆవిడ ముఖం చుట్టూ తిరుగుతోంది, ముఖం మీద నిలవడం లేదు. పది అడుగుల దూరంలోనూ ఆయనకు తెలియలేదు. అయిదడుగుల దూరంలోనూ తెలియలేదు. కిటికీ కిందికి వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆయన ఆ చెయ్యి చూశాడో, వేలికున్న సూది గాట్లే చూశాడో, తాళం తిప్పాడు.

ఇంజను ఆగిపోయింది.

"నువ్వా."

"నేనే."

"అక్కణ్ణించీ నువ్వేనా?"

"అక్కణ్ణించీ నేనే."

ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచి కొంతసేపు కూర్చున్నాడు. తర్వాత తాళం తీసుకుని, కాలితో మెట్టు వెతుక్కుని దిగాడు. భార్య అందించిన చెయ్యిని పట్టుకోలేదు. ఆవిణ్ణి దాటుకుని, గోడ వెంట నడిచి, పెరటి గుమ్మంలో నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ కూతురి దగ్గరికి వెళ్ళాడు. తాళం కూతురి అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళను తనే మూశాడు.

"ఇంటికి తీసుకెళ్ళమ్మా" అన్నాడు. "ఇక తిరిగింది చాలు."

మెట్టు మీద కూలబడి, చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తమ్ముడు వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

టైలరమ్మ సందంతా నడిచి కూతురి ఎదుటికి వచ్చి నిలబడింది. చెయ్యి చాచింది.

"ఆ తాళం కూడా ఇటియ్యి."

"అమ్మా, నాన్న అన్నది విన్నావుగా."

"విన్నాను. ఆయన దిగారు. నేను దిగుతానని ఎవరితోనూ అనలేదు."

కూతురి పిడికిలి ఇంకా బిగిసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాన్న రానంటే? ఒక్కదానివే వెళ్తావా అమ్మా, ఆయన్ని ఇక్కడ వదిలేసి?"

మెట్టు మీద డ్రైవరుగారు తల ఎత్తాడు. జవాబు కోసం ఆయన కూడా ఎదురుచూస్తున్నాడు.

ఆ సంగతి టైలరమ్మ ఆలోచించుకోలేదు.  చాచిన చెయ్యి మాత్రం దించలేదు.